తాళాల పని మనకెందుకు అనేవాళ్ళకి

పెద్ద పోస్టే, తీరిక చూసుకుని చదవండి.

చదువుకుంటూ చేసుకోగల సైడు పనుల గురించి మా హాస్టల్లో రోజూ ఏదో ఒక మాట నడుస్తూనే ఉంటది. సెల్ రిపేరు, పెళ్ళిళ్ళలో వడ్డన, పార్సిళ్ళు ఇవ్వడం, ఫొటోలు తీయడం, దేనికైనా సరే అంటారు. తాళాల పని అంటే మాత్రం నోళ్ళు మూతపడతాయి. "అది తప్ప ఇంకేదైనా చెప్పరా" అంటారు. మా రూములో ఆరుగురం. నలుగురం ఎరుకలోళ్ళం, ఇద్దరు యానాదులు. ఎందుకు వద్దో ఎవరూ పైకి చెప్పరు, చెప్పనక్కర్లేదు కూడా.

నేను చెప్పేది దానికి ఎదురుమాట. ఈ పని మన పిల్లలు నేర్చుకోవాలి. ఎవరేమనుకుంటారో అని మనం వదిలేస్తున్నాం గదా, సరిగ్గా అందుకే నేర్చుకోవాలి. డిగ్రీ మానేసి నేర్చుకోమనట్లేదు. డిగ్రీతో పాటు, ఆదివారాలు, సెలవులు.

నేనెవరో కూడా చెప్పాలి. తెనాలిలో డిగ్రీ రెండో సంవత్సరం, ఎస్టీ హాస్టల్లో ఉంటాను. మా ఊరు రేపల్లె అవతల. మా ఇంట్లో కాలేజీ గడప తొక్కిన మొదటివాణ్ణి నేనే. నాన్న పందుల్ని సాకుతాడు, అమ్మ బుట్టలు, చేటలు అల్లుతుంది. ఏడాదిగా ఆదివారాలు ఒక సాయిబు గారి దగ్గర తాళాల పని నేర్చుకుంటున్నాను. అంతకుముందు ఇంకో చోటికి వెళ్ళాను. ఏ ఊరు, ఏ షాపు అన్నది ఇక్కడ అనవసరం. ఆయన ముందు బానే మాట్లాడాడు. ఊరేది, ఇంటిపేరేంది, మీరేవుట్లు అని వరసగా అడిగాడు. ఎరుకల అన్నాను. కాసేపు ఊరుకుని, "నువ్వు మంచోడివే అయ్యుంటావు బాబూ, కానీ మీ వాళ్ళకి తాళాల పని నేర్పానంటే రేపు బజార్లో నన్నేమంటారు" అన్నాడు. తిట్టలేదు. తిట్టినా అంత బాధ ఉండేది కాదు.

సాయిబు గారు కులం అడగలేదు. "పొద్దున్నే రాగలవా, ఆకురాయి పట్టుకుంటే చేతులు బొబ్బలెక్కుతాయి, ఓర్చుకుంటావా" అన్నాడు అంతే. తర్వాత నేనే చెప్పాను. "నాకు తెలుసులే అబ్బాయ్, నీ యాసలోనే ఉంది" అని నవ్వాడు.

ముందు పని గురించి మాట్లాడదాం, కులం సంగతి తర్వాత. తాళాల పని అంటే చాలామందికి తలుపులు తెరవడం ఒక్కటే కనపడతది. సాయిబు గారి దగ్గర తలుపు తెరిచే పని నెలకి రెండో మూడో వస్తాయి. మిగతావన్నీ మామూలు పనులు. డూప్లికేటు తాళంచెవి తీయడం, బైకు తాళంచెవి పోతే కొత్తది చేయడం, తాళంలో విరిగిపోయిన చెవి ముక్క లాగడం, బీరువా హేండిలు తిరగకపోతే సరిచేయడం, షాపు షట్టరు కింద తాళం మార్చడం, అద్దెకున్నవాళ్ళు ఖాళీ చేసి పోయాక ఇంటివాళ్ళు కొత్త తాళం వేయించుకోవడం. వీటిలో దొంగతనానికి దగ్గరగా ఉన్న పని ఏందో చెప్పండి. కుట్టుమిషను మెకానిక్కు పని లాంటిదే ఇదీ.

లోపల ఏముంటదో ఒక్కసారి విప్పి చూస్తే భయం పోతుంది. తలుపుకి బిగించే మామూలు సిలిండరు తాళంలో చిన్న చిన్న పిన్నులు వరసగా ఉంటాయి. ఒక్కో పిన్ను రెండు ముక్కలు, పైన స్ప్రింగు. తాళంచెవి మీద ఎత్తుపల్లాలు ఉంటాయి గదా, ఒక్కో పల్లం ఒక్కో పిన్నుని లేపాల్సినంతే లేపుతుంది. అన్ని పిన్నుల అతుకులూ ఒకే గీత మీదకి వస్తేనే లోపలి గొట్టం తిరుగుతుంది. ఒక్కటి వెంట్రుకంత తేడా వచ్చినా తిరగదు. అమెరికాలో లైనస్ యేల్ అనే ఆయన 1860ల్లో పేటెంటు చేయించింది ఇదే. ఇన్నేళ్ళయినా ఇప్పటికీ మన తలుపులకి అదే. మన ఊళ్ళలో గేట్లకి, షెడ్లకి వేలాడే పెద్ద తాళాలు ఎక్కువగా లీవరు రకం. వాటిలో పిన్నులకి బదులు పలకలు ఉంటాయి. ఆరు లీవర్లు, ఏడు లీవర్లు అని తాళం మీదే రాసుంటది. ఆ ఏడు పలకల్లో కోసిన గంట్లన్నీ ఒకే వరసకి రావాలి. రేగడి నేల దున్నడం, ఇసక నేల దున్నడం వేరు వేరు అయినట్టు, ఈ రెండు రకాలకీ చేతివాటం వేరు.

డూప్లికేటు తీయడానికి మిషను లేకపోయినా నడుస్తది. వైసు, రెండు మూడు రకాల ఆకురాళ్ళు, చిన్న సుత్తి, కటింగ్ ప్లేయరు ఉంటే చాలు. అసలు చెవిని, బ్లాంకుని కలిపి వైసులో బిగించి రుద్దుతాం. నేను మొదటి మూడు నెలలు ఇదే చేశాను. మిషను మీద రెండు నిమిషాల్లో అయ్యే పనికి చేత్తో ఇరవై నిమిషాలు పడుతుంది. కానీ చేత్తో నేర్చుకున్నవాడికే ఎక్కడ ఎంత తగలాలో తెలుస్తది. సాయిబు గారు మిషను ముట్టుకోనిచ్చింది నాలుగో నెలలో.

అయితే పల్లెటూళ్ళో ఈ పనికి గిరాకీ ఉంటుందా అంటే, ఒక్క దీని మీదే బతికేంత ఉండదు. ఒక ఊళ్ళో రోజుకి పది తాళంచెవులు ఎవరూ పోగొట్టుకోరు. అందుకే సైడు పని అంటున్నాను. సైకిలు షాపు, జిరాక్సు షాపు, సెల్ రీచార్జి కొట్టు, ఏదో ఒకదాని పక్కన బల్ల వేసుకుంటే కలిసొస్తది. తెనాలిలో మామూలు చెవికి యాభై, అరవై తీసుకుంటున్నారు, బైకుకి ఇంకొంచెం ఎక్కువ. అందులో బ్లాంకు ఖర్చు తక్కువ, మిగతాదంతా చేతిపనికే. ఆదివారం ఒక్కరోజు కూర్చుంటే నా నెల ఖర్చులు, సబ్బులు, రైలు చార్జీలు వెళ్ళిపోతున్నాయి. ఇంటికి ఫోను చేసి డబ్బులు అడగడం మానేశాను. మీలో కొందరికి ఆ ఒక్కమాట చాలు, దాని విలువ ఏందో తెలుసు.

మన వైపు ఇంకోటి ఉంది. తెనాలి నుంచి రేపల్లె దాకా 34 కిలోమీటర్ల రైలు, తర్వాత రైలు లేదు. అక్కణ్ణించి నిజాంపట్నం హార్బరు వైపు, పెనుమూడి వైపు, లంకల్లోకి వెళ్ళేకొద్దీ తాళం పోతే దిక్కు ఉండదు. చెరువుల మీద మేత షెడ్లు, మోటారు స్టార్టరు పెట్టెలు, బోట్ల డీజిలు దాచే గదులు, అన్నిటికీ తాళాలే. బాపట్ల సూర్యలంక వైపు కూడా అంతే. పైగా ఉప్పుగాలి. ఆరు నెలలు బయట వేలాడితే తాళం బిగుసుకుపోతుంది. జనం ఏం చేస్తారు? కొబ్బరినూనో, ఇంజను ఆయిలో పోస్తారు. నాలుగు రోజులు తిరుగుతుంది, తర్వాత ఆ జిడ్డుకి దుమ్ము పట్టి పూర్తిగా మొరాయిస్తుంది. చివరికి రాయి పెట్టి పగలగొట్టి కొత్తది కొంటారు. తుప్పు వదిలించి, తుడిచి ఆరబెట్టి, పెన్సిలు ములుకు పొడి కొంచెం లోపల వేస్తే ఆ తాళమే ఇంకా రెండేళ్ళు పనిచేస్తది. ఇది చెప్పేవాడు, చేసేవాడు ఆ ఊళ్ళలో లేడు. హార్బరు దగ్గర బైకు తాళంచెవి నీళ్ళలో పడేసుకున్నవాడు బైకుని ఆటోలో వేసుకుని రేపల్లె రావాల్సిందే. కొత్త కార్ల తాళంచెవుల్లో చిప్పు ఉంటుంది, దానికి కంప్యూటరు కావాలి, అది మన స్థాయి పని కాదు ఇప్పుడే. కానీ మన ఊళ్ళలో తిరిగేవి కార్లు కాదు గదా.

ఇక అసలు సంగతి. ఎరుకలోడు తాళాల పని చేస్తే ఊరు ఏమనుకుంటుంది?

ఏమనుకుంటుందో మనకి తెలుసు. ఎందుకనుకుంటుందో తెలిసినవాళ్ళు మనలోనే తక్కువ. మా తాతల తాతలు ఉప్పు వ్యాపారం చేసినవాళ్ళు. ఈ తీరం నుంచి ఉప్పు ఎడ్ల మీద, గాడిదల మీద వేసుకుని పైప్రాంతాలకి పోయి, ధాన్యం తెచ్చేవాళ్ళు. ఉప్పుమీద తెల్లోళ్ళ పన్ను, ఆ తర్వాత రైలు, ఈ రెండూ కలిసి ఆ బతుకుని తుడిచేశాయి. సంచారం చేసేవాడికి సరుకు లేకపోతే అనుమానం ఒక్కటే మిగులుతుంది. 1871లో నేరస్థ జాతుల చట్టం చేశారు, 1911లో దాన్ని మార్చి మద్రాసు రాష్ట్రానికీ తెచ్చారు. మనుషుల్ని కాదు, కులానికి కులాన్ని రిజిస్టరులో రాశారు. వేలిముద్రలు తీసుకున్నారు. పుట్టినవాడు ఏమీ చేయకముందే పేరు ఎక్కింది. బాపట్ల పక్కన స్టువార్టుపురం పుట్టింది ఆ చట్టం కిందే, 1913 ప్రాంతంలో. మద్రాసు ప్రభుత్వంలో పెద్ద అధికారి హెరాల్డ్ స్టువార్టు పేరు పెట్టి, సాల్వేషన్ ఆర్మీ వాళ్ళ చేతికి ఇచ్చారు. హాజరు పిలుపులు, ఊరు దాటాలంటే పాసు. చీరాల పొగాకు కంపెనీకి కూలీలు కావాల్సొస్తే అక్కణ్ణించే పంపారు. అంటే దొంగలని కట్టేసినవాళ్ళ చేతే రోజంతా పని చేయించుకున్నారు. దొంగకి అంత ఓపిక ఎక్కడిది అని ఎవరూ అడగలేదు.

మద్రాసులో ఆ చట్టం 1947లో పోయింది. దేశం మొత్తం మీద 1952 ఆగస్టు 31న పోయింది. ఇది చాలామంది తెలుగువాళ్ళకి తెలియదు: రద్దు చేయమని చెప్పిన కమిటీకి పెద్ద మన తెలుగునేల మీద పుట్టిన అనంతశయనం అయ్యంగారే. చట్టం పోయింది గానీ మాట పోలేదు. 1970ల నుంచి హేమలతా లవణం గారు, లవణం గారు స్టువార్టుపురంలో ఏళ్ళ తరబడి పనిచేశారు. జాషువా గారి కూతురు ఆమె. వాళ్ళు మార్చింది ఊరి వాళ్ళని మాత్రమే అని పుస్తకాల్లో రాస్తారు. నా లెక్కలో ఊరి బయటివాళ్ళని మార్చాల్సిన పని అలాగే ఉండిపోయింది. 1991లో ఒక్క ఏడాదే ఆ ఊరి పేరుతో రెండు సినిమాలు వచ్చాయి. 2023లో టైగర్ నాగేశ్వరరావు మీద మళ్ళీ పెద్ద సినిమా. ఆ ఊరి నుంచి టీచర్లు అయినవాళ్ళ మీద ఎవరూ తీయరు. సరేలే, టీచరు రైలు మీద నుంచి దూకడు గదా.

ఇదంతా ఎందుకు చెప్తున్నానంటే, మా రూములో "వద్దురా" అనేవాళ్ళ వాదన ఇదే. ఇంత చరిత్ర నెత్తి మీద పెట్టుకుని, మళ్ళీ తాళాలే పట్టుకోవాలా? ఏదైనా ఊళ్ళో ఇల్లు దోచుకుంటే ముందు ఎవరి గుమ్మం ముందుకొస్తారు? మా నాన్న కూడా ఇదే అన్నాడు. "నిన్ను చదివించేది ఆ మాట పడకుండా ఉండటానికిరా" అన్నాడు. నాన్న మాటకి నేను ఎదురు చెప్పలేకపోయాను. ఇప్పుడు కూడా ఆ భయం ఉత్తదే అని నేననను. ఉత్తది కాదు. నిజంగా రావొచ్చు.

కానీ ఒక్కటి ఆలోచించండి. మనం తాళం ముట్టుకోకపోతే ఆ అనుమానం పోయిందా? మా తాత జీవితంలో తాళంచెవి చేయలేదు, బుట్టలే అల్లాడు. ఆయన్నీ స్టేషనుకి పిలిచారు. అంటే మనం ఏ పని చేస్తున్నామన్నది చూసి పిలవట్లేదు. అలాంటప్పుడు వాళ్ళ అనుమానాన్ని చూసి మన పనుల పట్టీలోంచి ఒక్కోటీ కొట్టేసుకుంటూ పోతే ఏం మిగులుతుంది? ఇవాళ తాళాలు వద్దు, రేపు ఇళ్ళలో కరెంటు పని వద్దు, ఎల్లుండి ఏటీఎం కాపలా వద్దు, బ్యాంకులో అటెండరు వద్దు. ఆ రిజిస్టరుని ప్రభుత్వం కాల్చేసింది, మనమే మళ్ళీ మన చేత్తో రాసుకుంటున్నాం.

ఇంకో మాట కూడా అంటారు, మన పిల్లలకి ఈ విద్య వస్తే చెడిపోతారని. దీనికి పాత జవాబు ఒకటుంది. 1851లో లండన్లో పెద్ద ఎగ్జిబిషను జరిగింది. అక్కడికి హాబ్స్ అనే అమెరికా తాళాలాయన వచ్చి, ఎవరూ తెరవలేరని ఇంగ్లండు వాళ్ళు గొప్పగా చెప్పుకునే చబ్ తాళాన్ని అరగంట లోపే తెరిచాడు. బ్రామా కంపెనీ తాళానికి అరవై ఏళ్ళ నుంచి రెండొందల గినీల పందెం ఉంది, కిటికీలో బోర్డు పెట్టి మరీ. దాన్ని కూడా పదహారు రోజుల్లో, మొత్తం యాభై గంటల పైన కూర్చుని తెరిచాడు. ఊరంతా గోల, ఇలా చూపిస్తే దొంగలకి నేర్పినట్టు కాదా అని. తాళాల లోపం దొంగలకి ఎప్పుడో తెలుసు, తెలియనిది కొనుక్కునేవాళ్ళకే అన్నది హాబ్స్ వైపు వాదన. ఆ గోల తర్వాతే తాళాలు బాగుపడ్డాయి. హాబ్స్‌ని మాత్రం ఎవరూ "మీరేవుట్లు" అని అడిగి ఉండరు, అది వేరే విషయం.

నిజానికి ఇల్లు దోచేవాడికి మా ఆకురాయి విద్య అక్కర్లేదు. వాడికి ఇనపకడ్డీ చాలు. ఒక చెవి చేయడానికి ఇరవై నిమిషాలు వెలుతుర్లో కూర్చుని, కళ్ళు చికిలించి, వెంట్రుకంత తేడా కోసం రుద్దేవాడు దొంగతనానికి బొత్తిగా పనికిరాడు.

అయినా జాగ్రత్త అనేది ఉండాలి. ఇందులో నేను కచ్చితంగా ఉంటాను, వేరేవాళ్ళ కంటే రెండింతలు. సాయిబు గారి దగ్గర పెద్ద నోటుబుక్కు ఉంటుంది. ఇంటి తాళం, బీరువా తాళం, బండి తాళం, ఏది చేసినా తేదీ, మనిషి పేరు, ఊరు, ఫోను, చేసిన పని, సంతకం. బండి అయితే ఆర్సీ చూపించాల్సిందే, పేరు కలవకపోతే ఓనరుతో ఫోను. ఇంటికి వచ్చి తెరవమంటే పక్కింటివాళ్ళు ఒకరు నిలబడాలి, వాళ్ళ సంతకం కూడా పడాలి. పల్లెల్లో అయితే వార్డు మెంబరో, సచివాలయం మహిళా పోలీసో ఉంటే ఇంకా మేలు. సబ్బు మీద అచ్చు తెచ్చేవాళ్ళు, సెల్లులో ఫొటో చూపించి చేయమనేవాళ్ళు వస్తుంటారు. "మా మేడమ్ గారి బీరువాదండీ" అంటారు. ఎంత ఇస్తానన్నా చేయకూడదు. ఒకసారి ఒకాయన ఐదొందలు బల్ల మీద పెట్టాడు. సాయిబు గారు ఆ నోటు మీద గాలికి ఎగరకుండా సుత్తి పెట్టి, "టీ తాగి రా, వచ్చేటప్పుడు మేడమ్ గారిని తీసుకురా" అన్నాడు. ఆయన నోటు తీసుకుని పోయాడు, మళ్ళీ రాలేదు.

ఆ బుక్కు మన పిల్లలకి అన్నం కంటే ముఖ్యం. రేపు ఎవడైనా వచ్చి గద్దిస్తే మన నోటిమాట ఎవరూ వినరు, రాసిన పుస్తకం ఉంటే విని తీరాలి. మనం చదువుకున్నాం గదా, మా తాతకి లేనిదీ నాకు ఉన్నదీ అదే. రాయగలను.

కులం దాచిపెట్టి చేసుకో అని సలహా ఇచ్చే అన్నలు కూడా ఉన్నారు. మంచికే చెప్తారు. కానీ పల్లెల్లో దాగదు. మీ అమ్మ ఆ ఊళ్ళోనే బుట్టలు అమ్మి ఉంటది. దాచినవాడి మీద తెలిసిన రోజున అనుమానం రెట్టింపు అవుతుంది. నేనైతే బల్ల మీద పేరు, ఊరు, ఇంటిపేరుతో సహా రాసి పెడతాను. ఇష్టమైనవాడు వస్తాడు.

ఇప్పుడు డబ్బుల దారి. పీఎం విశ్వకర్మ అనే పథకం 2023 సెప్టెంబరు 17న మొదలైంది. పద్దెనిమిది చేతివృత్తులకి. అందులో తాళాలు చేసేవాళ్ళు ఒక వృత్తిగా ఉన్నారు, చాలామందికి తెలియదు. బుట్టలు, చాపలు, చీపుళ్ళు చేసేవాళ్ళు ఉన్నారు. పడవలు చేసేవాళ్ళు, చేపల వలలు అల్లేవాళ్ళు కూడా ఉన్నారు, యానాది అన్నలు గమనించండి. పద్దెనిమిదేళ్ళు నిండి, సొంతంగా ఆ పని చేస్తూ ఉండాలి. కామన్ సర్వీస్ సెంటరులో ఆధార్‌తో, వేలిముద్రతో నమోదు. పంచాయతీ దగ్గర, జిల్లాలో, ఆపైన కమిటీలో, మూడు చోట్ల చూస్తారు. అన్నీ కుదిరితే సర్టిఫికెట్టు, ఐడీ కార్డు. ఐదు నుంచి ఏడు రోజుల మొదటి శిక్షణ, రోజుకి 500 రూపాయలు. పనిముట్లకి 15,000 వోచరు. తర్వాత కావాలంటే లక్ష దాకా అప్పు, అది కట్టేస్తే రెండు లక్షల దాకా, అయిదు శాతం వడ్డీకి, హామీ అడగరు.

నాకు ఇందులో పదిహేను వేల కంటే కార్డు మీదే మనసు. మా ముత్తాత వేలిముద్ర తీసుకుంది ఊరు దాటకుండా చూడటానికి. ఇప్పుడు అదే వేలిముద్రతో, ఇతను తాళాలు చేసేవాడు అని ప్రభుత్వమే రాసిచ్చిన కార్డు వస్తుంది. ఎరుకలోడి జేబులో. స్టేషనులో అడిగితే తీసి చూపించడానికి ఏదో ఒకటి ఉంటది. మన దగ్గర తాళాల పనికి లైసెన్సు లాంటిది ఏమీ లేదు. అమెరికాలో కాలిఫోర్నియా, టెక్సాస్ లాంటి చోట్ల లైసెన్సు లేనిదే ఈ పని చేయకూడదు. ఇక్కడ కూడా అట్టా పెడితే అందరికంటే ముందు లాభపడేది మనమే అని నా నమ్మకం. మిగతావాళ్ళకి ముఖం చూసి నమ్మకం ఇస్తారు, మనకి కాగితం కావాలి.

అయితే ఒక చిక్కుంది, మా ఇంట్లోనే తెగట్లేదు. ఇంటికి ఒక్కరికే ఈ పథకం. ఇల్లంటే భార్య, భర్త, పెళ్ళికాని పిల్లలు. అంటే నేను తాళాల పేరున చేరితే అమ్మకి బుట్టల పేరున రాదు. అమ్మ చేరితే నాకు రాదు. ముప్పై ఏళ్ళుగా వేళ్ళు కోసుకుంటూ అల్లుతున్నది అమ్మ. నేను ఏడాదిగా ఆదివారాలు నేర్చుకుంటున్నవాణ్ణి. న్యాయం అమ్మ వైపే ఉంది. అమ్మేమో "నాకు కార్డెందుకురా, నన్ను చూస్తే బుట్టలదని తెలియదా, నువ్వు తీసుకో" అంటది. నాకు మాత్రం అమ్మ పేరే ముందు ఎక్కాలని ఉంది. ప్రభుత్వం ఒక ఇంట్లో రెండు వృత్తులు ఉండవని ఎలా అనుకుందో. మన ఇళ్ళల్లో నలుగురు మనుషులుంటే అయిదు పనులు ఉంటాయి. ఈ ఒక్కరికే అన్న నిబంధన మీద మన విద్యార్థి సంఘాలు ఐటీడీఏలోనో, కలెక్టరు గ్రీవెన్సులోనో గట్టిగా అడగాలి. ఇంకో సంగతి, పని చేయకుండానే చేస్తున్నామని రాయించుకుని వోచరు కొట్టేద్దాం అనే బుద్ధి ఎవరికైనా ఉంటే ఈ పోస్టు చదవడం ఆపేయండి. తాళాల పనిలో మొదటి సంతకమే అబద్ధమైతే మిగతాదంతా ఎందుకు?

ఆడపిల్లల గురించి ఎవరూ మాట్లాడట్లేదు, నేను ఒక్కమాట అంటాను. మధ్యాహ్నం వేళ ఇంట్లో ఒంటరిగా ఉన్న ఆమె బీరువా తాళం పడిపోతే, తెలియని మగాణ్ణి లోపలికి పిలవడానికి వెనకాడుతుంది. ఒక అక్కో చెల్లో వస్తే తలుపు తీస్తుంది. ఈ పనికి బలం అక్కర్లేదు, ఓపిక కావాలి. మా చెల్లి ఇంటర్ రెండో సంవత్సరం, సెలవుల్లో వచ్చినప్పుడు హాస్టలు ట్రంకుపెట్టె తాళం ఒకటి విప్పి మళ్ళీ బిగించింది. నాకంటే తొందరగా. నేనైతే మొదటిసారి విప్పినప్పుడు స్ప్రింగు ఎగిరి ఎక్కడో పడితే అరగంట వెతికాను.

ఉద్యోగాల పరీక్షలకి చదివేవాళ్ళు దీనికోసం టైము పాడుచేసుకుంటారని కొందరి భయం. గ్రూపు పరీక్షల నోటిఫికేషను ఎప్పుడొస్తదో ఎవరికీ తెలియదు. ఈలోపు మూడేళ్ళు ఇంటిమీద పడి, ఊళ్ళో "చదివి ఏం చేశాడు" అనిపించుకునేకంటే వారానికి ఒక్కరోజు చేతిలో పని ఉండటం మంచిది. నేను కూడా పరీక్షలు రాస్తాను. వచ్చిన రోజున ఆకురాయి చెల్లికి ఇచ్చేస్తాను.

సెమిస్టరు అయ్యాక నేను రేపల్లెలో మా బావ సైకిలు షాపు పక్కన చిన్న బల్ల వేస్తున్నాను, శనివారం ఒక్కరోజే. సాయిబు గారు పాత వైసు ఒకటి ఇస్తానన్నారు. నాన్న ఇంకా సరే అనలేదు. కాదని కూడా అనలేదు, పోయిన వారం మాత్రం ఆ బల్లకి కాలు ఒకటి ఊగుతుంటే మేకు కొట్టి పోయాడు. తెనాలి, బాపట్ల, రేపల్లె హాస్టళ్ళలో ఉన్నవాళ్ళు ఎవరైనా నేర్చుకోవాలనుకుంటే కింద రాయండి, సెలవుల్లో ఒక రోజు అందరం కలిసి కూర్చుందాం. వచ్చేటప్పుడు ఇళ్ళల్లో చెవులు పోయిన పాత తాళాలు ఉంటే పారేయకుండా తీసుకురండి. తుప్పు పట్టినవైతే ఇంకా మంచిది.